ఆ తీరం మనుషుల గురించి ఏం చదవాలి?

పోయిన నెల ఈ శీర్షికలో అమెరికా వాయవ్య తీరం గురించి, అంటే సియాటిల్ నుంచి పైకి కెనడాలోని బ్రిటిష్ కొలంబియా దాకా ఉన్న తీరం గురించి, ఓ పేరా రాశాను. అక్కడి మూలవాసుల మీద పుస్తకాలు చెప్పమని ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అయినా ఆశ్చర్యం ఏముంది, మన పిల్లలు ఎంతమంది అక్కడ లేరు! జిల్లా గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన దాన్ని. మా అమ్మాయి వాళ్లు బోథెల్‌లో ఉంటారు. వెళ్లినప్పుడల్లా అక్కడి లైబ్రరీలో కూర్చుని చదివినవే ఇక్కడ చెబుతున్నాను. ఒకే ప్రశ్న నలుగురు అడిగిన చోట ఒకరి ఉత్తరమే తీసుకున్నాను.

*మా అబ్బాయి సమామిష్‌లో ఇల్లు కొన్నాడు. వేసవిలో వెళ్తున్నాం, ఆరు నెలలు. మావారు టీవీతో గడిపేస్తారు, నాకేమో పొద్దుపోదు. ఆ చోటి చరిత్ర, మొదటి నుంచీ అక్కడున్న వాళ్ల సంగతి చదవాలనుంది. నా ఇంగ్లీషు డిగ్రీ వరకే. ఒక్క పుస్తకం చెప్పండి.*
– ఒక పాఠకురాలు, తెనాలి

ఒక్కటే అంటే 'హబూ' చదవండమ్మా. అప్పర్ స్కాజిట్ తెగకు చెందిన వై హిల్బర్ట్ అనే పెద్దావిడ 1985లో వేసిన కథల పుస్తకం. సియాటిల్ చుట్టుపక్కల తెగల భాష లషూట్‌సీడ్. ఆవిడ ఆ భాష మాట్లాడే ఇంట్లో పెరిగి, పెద్దయ్యాక యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో ఆ భాషే నేర్పారు. కథలు చిన్నవి, ఇంగ్లీషు తేలిక. కథ చెబుతుంటే వినేవాళ్లు మధ్యమధ్యలో 'హబూ' అంటూ ఉండాలి, నిద్రపోలేదని గుర్తు. కాకి, మింక్, కొయోటీ లాంటి జంతువులు చేసే తుంటరి పనులు చాలా ఉంటాయి. కొన్ని మోటుగా కూడా ఉంటాయి, మనవడికి చదివి వినిపించే ముందు మీరొకసారి చూసుకోండి. చివర్లో నీతి విడమరిచి చెప్పరు. నాకు ఆ పుస్తకం నచ్చడానికి అదొక కారణం.

అది అయిపోయాక ఓపిక ఉంటే రెండోది, కోల్ థ్రష్ రాసిన 'నేటివ్ సియాటిల్' (2007). నగరం లేచింది, ఇండియన్లు (అక్కడి మూలవాసుల్ని అలా పిలిచేవారు) మాయమయ్యారు అని చెప్పుకునే కథను ఆయన ఒప్పుకోడు. వాళ్లు చేపలు పడుతూ, సామిల్లుల్లో పనిచేస్తూ నగరంలోనే ఉన్నారని పేజీ పేజీకీ చూపిస్తాడు. 1865లో సియాటిల్ పట్టణ పాలకులు ఇండియన్లు ఊళ్లో కాపురం ఉండకూడదని చట్టం చేశారు. అయినా, ఆ ఊరికి ఎవరి పేరు పెట్టుకున్నారో ఆయన కూతురే 1896లో చనిపోయే దాకా ఊళ్లోనే ఉంది, బట్టలుతికి బతికింది.

పుస్తకం చివర్లో పాత ఊళ్లు, వాగులు, రాళ్ల పేర్లన్నీ పటాలతో ఇచ్చారు. నేను ఎక్కువ సేపు ఆ పేజీల్లోనే ఉండిపోయాను. 1916లో ఓడల కాలువ తవ్వినప్పుడు లేక్ వాషింగ్టన్ నీటిమట్టం దాదాపు తొమ్మిది అడుగులు పడిపోయింది. సరస్సు నీళ్లు బయటికి పోయే బ్లాక్ రివర్ అనే నది ఎండిపోయింది. దువామిష్ తెగవాళ్ల ఊళ్లు ఆ నది ఒడ్డునే ఉండేవి. అది ఇప్పటి రెంటన్. మీరూ ఎప్పుడో ఒకప్పుడు ఐకియా కోసం రెంటన్ వెళ్లక తప్పదు, అప్పుడు గుర్తు చేసుకోండి.

ఇంకోమాట. సమామిష్, స్నోక్వాల్మి ఇవన్నీ అక్కడి తెగల పేర్లే. స్నోక్వాల్మి జలపాతం దగ్గర ఫోటో దిగని తెలుగువాళ్లు ఉండరు. ఆ జలపాతం నెత్తిన ఉన్న పెద్ద హోటల్‌ని 2019లో స్నోక్వాల్మి తెగవాళ్లే కొనుక్కున్నారు. 'ఒకప్పుడు ఉండేవారట' అనే ధోరణిలో రాసిన పుస్తకం ఏది కనపడినా అటు పెట్టేయండి.

*నేను తెలుగు టీచర్ని. పర్యావరణ దినోత్సవానికి ఏటా పిల్లలకు 'చీఫ్ సియాటిల్ లేఖ' చదివి వినిపిస్తాను, భూమిని ఎలా అమ్ముతాం అని అమెరికా అధ్యక్షుడిని అడిగేది. వాట్సాప్‌లోనూ వస్తుంటుంది. అది దొంగ లేఖ అని మా సహోద్యోగి వాదన. నిజమేనా?*
– ఒక ఉపాధ్యాయుడు, హైదరాబాద్

మీ సహోద్యోగి మాటే నిజమండీ. మనిషి నిజం, లేఖ కాదు.

ఆయన దువామిష్, సుక్వామిష్ తెగల నాయకుడు. 1855 జనవరిలో ముకిల్టియో దగ్గర, తెగలు భూమి వదులుకున్న పాయింట్ ఎలియట్ ఒప్పందం మీద గుర్తు వేసినవాళ్లలో ఒకరు. 1866లో చనిపోయారు. అధ్యక్షుడికి ఆయన రాసిన లేఖ అంటూ ఏ కాగితమూ ఎక్కడా దొరకలేదు. దొరికింది ఒక ఉపన్యాసం. దాన్ని హెన్రీ స్మిత్ అనే డాక్టరు 1887లో ఒక సియాటిల్ పత్రికలో అచ్చు వేయించాడు, ఉపన్యాసం జరిగిందన్న ముప్పై ఏళ్ల తర్వాత. నాయకుడు మాట్లాడింది లషూట్‌సీడ్. దాన్ని చినూక్ అనే వ్యాపారుల కలగలుపు భాషలోకి, అక్కణ్నుంచి ఇంగ్లీషులోకి మార్చి ఉంటారు. స్మిత్ తన నోట్సు చూసి రాశానన్నాడు. ఇంగ్లీషు మాత్రం ఆ కాలపు పద్యాల బాణీలో ఉంటుంది. ఎంత ఆయనది, ఎంత స్మిత్‌ది అన్నది తేలదు.

మీరు చదువుతున్నది అది కూడా కాదు. 1970ల మొదట్లో ఒక బాప్టిస్టు సంస్థ తీయించిన పర్యావరణ సినిమాకి టెడ్ పెర్రీ అనే ప్రొఫెసర్ రాసిన స్క్రిప్టు అది. సినిమాలో ఆయన పేరు వేయకుండా నాయకుడి మాటలన్నట్టు వదిలేశారు. ఆయన మొత్తుకున్నా ఎవరూ వినలేదు. లేఖలోనే దొరికిపోతుంది చూడండి: రైల్లోంచి కాల్చి చంపిన అడవిదున్నల ప్రస్తావన ఉంటుంది. ఆ తీరంలో అడవిదున్నలు లేవు, అప్పటికి రైలూ లేదు.

ఇక పుస్తకం. ఉపన్యాసం గొడవంతా కావాలంటే ఆల్బర్ట్ ఫర్ట్‌వాంగ్లర్ రాసిన 'ఆన్సరింగ్ చీఫ్ సియాటిల్' (1997). మనిషి జీవితం కావాలంటే డేవిడ్ బ్యుర్జ్ రాసిన 'చీఫ్ సియాటిల్ అండ్ ద టౌన్ దట్ టుక్ హిజ్ నేమ్' (2017). రెండోది కాస్త పెద్దది గానీ విసుగు పుట్టించదు.

స్మిత్ అచ్చు వేసిన ఉపన్యాసంలో నాయకుడు పట్టుబట్టే విషయాల్లో ఒకటి, తమ పూర్వీకుల సమాధుల దగ్గరికి ఎప్పుడంటే అప్పుడు వచ్చిపోయే హక్కు. ప్రకృతి పాఠం కంటే ఇది చాలా ఇబ్బందికరమైన మాట, ఎందుకంటే ఇందులో ఒక అడిగే మనిషి ఉన్నాడు, ఇవ్వాల్సినవాళ్లు ఉన్నారు. దువామిష్ వాళ్లకు సొంతంగా రిజర్వేషన్ భూమి, అంటే తెగకని విడిగా కేటాయించే భూమి, ఎన్నడూ దక్కలేదు. పెర్రీ స్క్రిప్టు మాత్రం ఎవరినీ ఏమీ అడగదు, అందుకే అందరికీ ముద్దొచ్చింది అని నా అనుమానం. మీరు క్లాసులో చదవడం మానక్కర్లేదు. 'ఒక అమెరికన్ ప్రొఫెసర్ 1970లలో రాసింది' అని చెప్పి చదవండి, పక్కనే స్మిత్‌ది పెట్టండి. తొమ్మిదో తరగతి పిల్లలు తేడా ఇట్టే పట్టేస్తారు.

*మత్స్యశాఖలో పనిచేసి రిటైరయ్యాను. మన పులసలాగే సాల్మన్ కూడా సముద్రం నుంచి నదికి ఎదురీది గుడ్లు పెడుతుంది కదా. అక్కడి తెగలకు సగం చేపల మీద హక్కుందని విన్నాను. సగం ఎలా వచ్చింది? చదవడానికేమైనా ఉందా?*
– ఒక పాఠకుడు, కాకినాడ

పులస పోలిక బాగుందండీ, ఒక్క తేడాతో. పసిఫిక్ సాల్మన్లలో చాలా రకాలు గుడ్లు పెట్టాక ఆ నదిలోనే చచ్చిపోతాయి. నదికీ, ఒడ్డున అడవికీ అవే ఎరువు.

సగం కథ ఇదీ. 1854, 55 ఒప్పందాల్లో తెగలు భూమి వదులుకున్నాయి గానీ, అలవాటైన చోట్ల తక్కిన పౌరులతో పాటు చేపలు పట్టుకునే హక్కు వదులుకోలేదు. దశాబ్దాల పాటు వాషింగ్టన్ రాష్ట్రప్రభుత్వం ఆ వాక్యాన్ని పట్టించుకోలేదు. వలలు లాక్కున్నారు, అరెస్టులు చేశారు. నిస్క్వాలీ తెగకు చెందిన బిల్లీ ఫ్రాంక్ మొదటిసారి అరెస్టయినప్పుడు వయసు పద్నాలుగు. మొత్తం యాభైసార్లకు పైనే పట్టుకెళ్లారు. 1974లో జడ్జి జార్జ్ బోల్ట్, 'పౌరులతో పాటు' అంటే పట్టదగ్గ చేపల్లో సగం దాకా తెగలవే అని తీర్పిచ్చాడు. 1979లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఇప్పుడు ఎన్ని చేపలు పట్టొచ్చో రాష్ట్రం, తెగలు కలిసే లెక్క వేసుకుంటాయి. బోల్ట్ తీర్పు కొనసాగింపుగా రోడ్ల కింద తూముల కేసు కూడా వచ్చింది. చేప ఎక్కలేని తూములు బాగుచేయాల్సిన బాధ్యత రాష్ట్రానిదేనన్న తీర్పు 2018లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి నిలిచింది. మీ శాఖవాళ్లకు ఆ తూముల కేసే ఎక్కువ పనికొస్తుందేమో.

చదవాల్సింది చార్లెస్ విల్కిన్సన్ రాసిన 'మెసేజెస్ ఫ్రమ్ ఫ్రాంక్స్ లాండింగ్' (2000). రాసినాయన లాయరు, అయినా చదవబుద్ధేస్తుంది. దానికి తోడు లిండా మేప్స్ రాసిన 'ఎల్వా: ఎ రివర్ రీబార్న్' (2013). ఎల్వా నది మీద రెండు డ్యాములుండేవి. చేపలెక్కే మెట్లు కట్టకుండా మొదటిది 1913లో పూర్తిచేశారు. ఒడ్డున ఉన్న క్లాలమ్ తెగవాళ్లు దశాబ్దాలు పోరాడారు. 2011లో మొదలుపెట్టి 2014కల్లా రెండూ పగలగొట్టారు. ఫోటోలు బాగుంటాయి.

*జియాలజీ ఎమ్మెస్సీ చదువుతున్నాను. 1700 సంవత్సరంలో ఆ తీరంలో వచ్చిన భూకంపాన్ని అక్కడి తెగల కథల ద్వారా కనుక్కున్నారని చదివాను. ఏ పుస్తకం?*
– ఒక విద్యార్థి, విశాఖపట్నం

'ది ఆర్ఫన్ సునామీ ఆఫ్ 1700'. బ్రయన్ అట్‌వాటర్, మరికొందరు అమెరికన్, జపాన్ శాస్త్రవేత్తలు కలిసి 2005లో వేశారు. అమెరికా జియలాజికల్ సర్వే ప్రచురణ కాబట్టి ఆన్‌లైన్‌లో ఉచితం. హాయిగా దించుకో.

అయితే 'కథల ద్వారా కనుక్కున్నారు' అనడం తప్పు. ఒడ్డున చచ్చి నిలబడిన సీడర్ చెట్ల వలయాలు చూసి, అవి 1699-1700 చలికాలంలో చచ్చాయని తేల్చారు. జపాన్ ఊళ్లలో భూకంపం లేకుండా వచ్చిన అలల లెక్కలు రాసిపెట్టి ఉన్నాయి. వాటిని బట్టి 1700 జనవరి 26 రాత్రి అని తేలింది. తీవ్రత 9కి దగ్గర. కథలు అంతకుముందు నుంచే ఉన్నాయి. మకా తెగ పెద్దమనిషి ఒకాయన, పూర్వం సముద్రం లోపలికి పోయి మళ్లీ పొంగి వచ్చిందని చెబితే జేమ్స్ స్వాన్ అనే ఆయన 1864లోనే డైరీలో రాసుకున్నాడు. వాంకూవర్ దీవిలో పచీనా బే దగ్గర ఒక ఊరు రాత్రికి రాత్రి కొట్టుకుపోయిన సంగతి అక్కడివాళ్లు చెప్పుకుంటూనే ఉన్నారు. వందేళ్లకు పైగా ఆ డైరీ అల్మారాలోనే ఉంది, భూగర్భ శాస్త్రజ్ఞులు 1980ల దాకా ఆ వైపు చూడలేదు. నువ్వు థీసిస్ రాస్తే ఈ ఆలస్యం గురించి కూడా రాయి. 2004 డిసెంబరు అల చూసిన మన తీరంలో ముసలివాళ్లను ఎవరైనా కూర్చోబెట్టి అడిగారా, అదీ కనుక్కో.

*వాంకూవర్‌లో యూబీసీ (యూనివర్సిటీ ఆఫ్ బ్రిటిష్ కొలంబియా) మ్యూజియానికి వెళ్లాం. టోటెమ్ స్తంభాలు, ముసుగులు చూస్తే ఒళ్లు జలదరించింది. కానీ పక్కన చీటీలో ఉన్నది నాలుగు ముక్కలే. ఇవన్నీ ఎవరివి, ఎలా వచ్చాయి, ఆ పాట్‌లాచ్ అంటే ఏమిటి, చెప్పే పుస్తకం కావాలి.*
– ఒక పాఠకురాలు, సర్రీ, కెనడా

మంచి ప్రశ్న అడిగారు. ముసుగు అందం గురించి పుస్తకాలు గుట్టలుగా ఉన్నాయి. అది అద్దాల పెట్టెలోకి ఎలా చేరిందో చెప్పేవి తక్కువ. అందులో మొదటిది డగ్లస్ కోల్ రాసిన 'కాప్చర్డ్ హెరిటేజ్' (1985).

పాట్‌లాచ్ అంటే ఒక పెద్దింటివాళ్లు జనాన్ని పిలిచి, పేరు పెట్టడమో పెళ్లో వారసత్వమో నలుగురి ముందు ప్రకటించి, వచ్చినవాళ్లకు సంపద పంచిపెట్టడం. పుచ్చుకున్నవాళ్లు ఆ ప్రకటనకు సాక్షులు. రాత లేని చోట అదే రిజిస్ట్రేషన్ ఆఫీసు అనుకోండి. ముసుగులు, పాటలు, నాట్యాలు ఫలానా కుటుంబానివి అని ఉంటుంది, ఎవరు పడితే వాళ్లు వాడకూడదు. కెనడా ప్రభుత్వానికీ, మిషనరీలకూ ఇది దుబారాగా, అనాగరికంగా కనపడింది. 1885 నుంచి నిషేధం అమల్లోకి వచ్చింది. 1951 దాకా ఎత్తేయలేదు.

1921 డిసెంబరులో డాన్ క్రాన్మర్ అనే ఆయన విలేజ్ ఐలాండ్‌లో చాటుగా పెద్ద పాట్‌లాచ్ ఇచ్చాడు. కేసులు పెట్టారు. ముసుగులు, రాగి పలకలు అప్పగిస్తే శిక్ష ఉండదన్నారు. అప్పగించనివాళ్లలో కొందరు జైలుకెళ్లారు. సొత్తు ఒట్టావా, టొరంటో మ్యూజియాలకు చేరింది, కొంత న్యూయార్క్ సేకర్త ఒకాయన కొనుక్కున్నాడు. తిరిగి ఇవ్వండని అడిగితే, ముందు మ్యూజియం కట్టుకోండి అన్నారు. కట్టుకున్నారు. కేప్ మడ్జ్‌లో 1979లో ఒకటి, అలర్ట్ బేలో 1980లో ఉమిస్టా అనే రెండోది. మీరు ఉన్న చోటి నుంచి అలర్ట్ బేకి వెళ్లడం కష్టమే, ఫెర్రీలు మారాలి, కానీ వీలైతే వెళ్లండి. ఉమిస్టా కోసం పనిచేసిన గ్లోరియా క్రాన్మర్ వెబ్‌స్టర్ ఆ డాన్ క్రాన్మర్ కూతురే. ఆల్డోనా జొనైటిస్ సంపాదకత్వంలో వచ్చిన 'చీఫ్లీ ఫీస్ట్స్' (1991) అనే పుస్తకంలో ఆవిడ వ్యాసం ఉంది. నన్నడిగితే ముందు ఆ వ్యాసం చదవండి, బొమ్మలు తర్వాత.

పాత పుస్తకాల దగ్గర ఒక జాగ్రత్త. మానవ శాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్ పేరు అన్నిచోట్లా పెద్ద అక్షరాల్లో ఉంటుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష తానే నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాశారు. బోయాస్ పద్ధతి వేరు. ఫోర్ట్ రూపర్ట్‌లో పెరిగిన జార్జ్ హంట్‌కి క్వాక్వాలా భాష రాసే పద్ధతి నేర్పి, ఏళ్ల తరబడి వేల పేజీలు ఆయన చేత రాయించుకున్నాడు. హంట్ తల్లి ట్లింగిట్, తండ్రి ఇంగ్లీషువాడు. కథలు రాసి పంపిన చేత్తోనే ఆయన వస్తువులు కూడా కొని మ్యూజియాలకు పంపాడు. నూచానుల్త్ వాళ్ల తిమింగలం వేటగాళ్ల పూజాస్థలం ఒకటి అలాగే న్యూయార్క్ వెళ్లిపోయింది. ఆయన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తోచదు. బోయాస్, హంట్ పేర్లు రెండూ అట్ట మీదున్న పుస్తకాలు తీసుకోండి, కనీసం ఎవరి కష్టమో తెలుస్తుంది.

మీ ఉత్తరంలో రాబర్ట్ బ్రింగ్‌హర్స్ట్ ప్రస్తావన కూడా ఉంది. ఆయన 'ఎ స్టోరీ యాజ్ షార్ప్ యాజ్ ఎ నైఫ్' (1999) గొప్ప పుస్తకమే. 1900-01లో జాన్ స్వాంటన్ అనే కుర్రాడు హైడా దీవులకు వెళ్లి స్కాయ్, గాండ్ల్ అనే కవుల నోట విని రాసుకున్న కథలకు అది కొత్త అనువాదం. కథకుల్ని పేరుపేరునా కవులుగా నిలబెట్టాడు, అది మెచ్చుకోవాలి. అయితే తమను అడక్కుండా తమ కథలతో పుస్తకం వేశాడని హైడాలలో కొందరు గట్టిగా అభ్యంతరం చెప్పారు. చదవండి, ఆ అభ్యంతరం తెలిసి చదవండి.

*పిల్లలకు బొమ్మల పుస్తకం, నాకు ఒక నవల. రెండు పేర్లు చాలు.*
– ఒక పాఠకురాలు, గుంటూరు

పిల్లలకు జార్జ్ క్లుటేసి 'సన్ ఆఫ్ రావెన్, సన్ ఆఫ్ డీర్' (1967). ఆయన షెషాట్ తెగవాడు, బొమ్మలూ ఆయనవే. 'బ్రదర్ ఈగిల్, సిస్టర్ స్కై' మాత్రం వద్దు, పైన హైదరాబాద్ మాస్టారికి చెప్పిన ఆ స్క్రిప్టు మాటలే అందులోవీ. నవల ఈడెన్ రాబిన్సన్ 'మంకీ బీచ్' (2000). హైస్లా అమ్మాయి, సముద్రంలో తప్పిపోయిన తమ్ముడు, చేపనూనె వాసన, దయ్యాలు. రాత్రి మొదలుపెట్టకండి.

*ఎడ్వర్డ్ కర్టిస్ ఫోటోల పెద్ద పుస్తకం కొందామనుకుంటున్నాను. ఖరీదు ఎక్కువ. కొనొచ్చా?*
– ఒక ఫోటోగ్రాఫర్, విజయవాడ

వద్దండీ. కర్టిస్ సియాటిల్‌లో స్టూడియో నడిపిన మనిషి. 1907 నుంచి 1930 దాకా ఇరవై సంపుటాలు వేశాడు, వెలుగు నీడల్లో చెయ్యి తిరిగినవాడు. కానీ అంతరించిపోతున్న జాతి అనే ఊహకు తగ్గట్టు దుస్తులు మార్పించాడు, ఒక ఫోటోలో గడియారం కనపడితే చెరిపేశాడు. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ లైబ్రరీ ఆ సంపుటాలను స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టింది. అక్కడ చూడండి, ఆ డబ్బుతో లెన్స్ కొనుక్కోండి.

*ఈ పుస్తకాలు ఇండియాలో దొరుకుతాయా?*
– చాలామంది

పాతవి ఉచితం. బోయాస్-హంట్ 'క్వాకియుట్ల్ టెక్స్ట్స్' (1905), స్వాంటన్ సేకరించిన హైడా కథలు, 1803లో ఓడ మీద దాడిలో చిక్కి మకిన్నా అనే నాయకుడి దగ్గర రెండేళ్లకు పైగా కమ్మరిగా బతికిన జాన్ జూవిట్ ఆత్మకథ (1815), ఇవన్నీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. జూవిట్‌ది కాలక్షేపానికి బాగుంటుంది గానీ, అతనికి సాయపడి రాసిపెట్టినవాడు మసాలా వేశాడని గుర్తుంచుకోండి. కొత్తవి ఇక్కడ తెప్పించుకుంటే డాలర్ల ధరకు పోస్టు ఖర్చు తోడవుతుంది. పిల్లలెవరైనా సంక్రాంతికి వస్తుంటే అక్కడ పాత పుస్తకాల షాపులో కొని పెట్టెలో వేసుకు రమ్మనండి. చాక్లెట్లు కాస్త తగ్గించమని కూడా చెప్పండి. 'చీఫ్లీ ఫీస్ట్స్' ఒక్కటే బాగా బరువు.